చిన్నపోలయ్య కూతురి పెళ్ళి ఫొటోలు

ఆ వేసవిలో మా నాన్నకు చూపు తగ్గుతోందని నాకు తెలుసు. తెలిసే ఆయన్ని ఆ పెళ్ళికి పంపాను. ఈ మాట బయట ఎవరికీ చెప్పలేదు. అమ్మకు ఒకసారి చెప్పబోయాను. ఆమె అన్నం వడ్డిస్తూ, "నీకొక్కదానికే కాదులే తెలిసింది" అని కూర గిన్నె నా ముందుకు జరిపింది. తర్వాత ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

బోగోలు సెంటర్లో మాది ఫొటో స్టూడియో. నాన్న పేరు సమాధానం. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, బళ్ళో గ్రూపు ఫొటోలు, కార్డులకు అతికించే చిన్న ఫొటోలు, చుట్టుపక్కల ఊళ్ళలో ముప్పై ఏళ్ళుగా ఆయన తీసినవే. నేను నెల్లూరులో ఆల్బమ్ డిజైన్ చేసే షాపులో రెండేళ్ళు పనిచేసి, వచ్చి ఆయన పక్కన చేరాను.

ఏప్రిల్లో వేట నిషేధం మొదలైన వారంలోనే జువ్వలదిన్నె నుంచి ముత్యాలమ్మ స్టూడియోకి వచ్చింది. ఆమె భర్త చిన్నపోలయ్యకు సొంత ఫైబర్ బోటు ఉంది. రెండు నెలలు బోట్లు సముద్రంలోకి పోకూడదు కనుక ఇంట్లో జరుగుబాటుకి ఆమె రొయ్యల పచ్చడి, ఎండు నెత్తళ్ళు సీసాల్లో పెట్టి అమ్ముతోంది. కూతురు వినీల వాటిని ఫోన్లో పెట్టింది గాని ఎవరూ కొనడం లేదు. ముత్యాలమ్మ ఆ ఫోను నా చేతికిచ్చింది. పూల దుప్పటి మీద నాలుగు సీసాలు, పైన ట్యూబులైటు, సీసా మీద ఫొటో తీస్తున్న చెయ్యి నీడ. పచ్చడి నల్లగా తారులాగా ఉంది.

"తిన్నోళ్ళు మళ్ళా అడగతా ఉండారు పాపా. ఫొటో చూసినోళ్ళు మాత్రం అడగటం లేదు" అంది.

నాన్న ఆ మాటకు నవ్వి కుర్చీలోంచి లేచాడు. సరుకు ఇక్కడికి తేవద్దనీ, పొద్దున్నే మేమే వస్తామనీ చెప్పాడు. ఆయనకు అంత ఉత్సాహం రావడం చూసి చాలా రోజులైంది.

మర్నాడు ఏడింటికల్లా జువ్వలదిన్నెలో ఉన్నాం. బోట్లన్నీ ఒడ్డున వరసగా ఉన్నాయి. ఇంటి ముందు తాటాకు పందిట్లో చిన్నపోలయ్య వల బాగుచేస్తూ, కాలి బొటనవేలికి దారం తగిలించుకుని కూర్చున్నాడు. పొడుగాటి మనిషి. మాట తక్కువ. మమ్మల్ని చూసి లేవబోతే నాన్న వద్దన్నాడు.

ఆ పూట నాన్న నాకు నేర్పినంత, అంతకుముందు ఎన్నడూ నేర్పలేదు. ఫ్లాష్ వద్దన్నాడు. నూనె మీద ఫ్లాష్ పడితే మెరుపొక్కటే మిగులుతుంది, ఎరుపు చచ్చిపోతుందన్నాడు. సీసాను గడప దగ్గర పీట మీద పెట్టించి, వెలుతురు పక్కనుంచి పడేట్టు చూశాడు. నీడ పడిన వైపు తెల్లటి థర్మోకోల్ అట్ట పట్టుకోమని నాకిచ్చాడు. సీసా అంచులు తడిగుడ్డతో తుడిపించాడు. పక్కన చిన్న పళ్ళెంలో వేడన్నం, దాని మీద ఒకే ఒక్క రొయ్య. "రొయ్య ఎంతుందో మెతుకు చెప్పాల. నువ్వు చెప్పకూడదు" అన్నాడు. ఎంత మంచి సరుకైనా కొనేవాడికి ముందు కనపడేది శుభ్రమేననీ, ఫొటోలో ఏది అక్కర్లేదో అది ముందు తీసెయ్యమనీ చెప్పాడు. వెనక ఉన్న బిందెలూ, చీపురూ, ఆరేసిన లుంగీ అన్నీ తీయించాడు.

సీసాలు నేను తీశాను. చివరికి ముత్యాలమ్మను సీసా పట్టుకుని నిలబడమని, ఆ ఫొటో తానే తీస్తానన్నాడు. చేసిన మనిషి కనపడితే కొనేవాడికి నమ్మకం అన్నాడు. ఆమె బిగుసుకుపోయి నిలబడింది. పందిట్లోంచి చిన్నపోలయ్య తలెత్తకుండానే, పెళ్ళిచూపులనాడు కూడా ఇట్లానే నిలబడిందన్నాడు. ఆమె ఫక్కున నవ్వింది. సరిగ్గా అప్పుడు నాన్న నొక్కాడు.

కెమెరా వెనక తెరలో చూశాను. ముత్యాలమ్మ ముఖం మసకగా ఉంది. ఆమె వెనక గోడకున్న క్యాలెండర్లో తిథులు మాత్రం చదవొచ్చు.

"వచ్చిందా?" అన్నాడు నాన్న.

"వచ్చింది నాన్నా" అన్నాను. ఇంకో కోణంలో కూడా ఒకటి తీసుకుంటానని చెప్పి కెమెరా తీసుకుని మళ్ళీ నేను తీశాను. అప్పటికి ఆమె నవ్వు సగమైంది. అదే వాడుకున్నాం.

ఫోకస్ కెమెరాకే వదిలేయమని నేను ఎప్పటినుంచో అంటున్నాను. ఆయన వినడు. లెన్స్ మీది చిన్న మీటను చేత్తో తిప్పుకునే వైపే ఉంచుతాడు. నలుగురున్నచోట ఎవరి ముఖం ముఖ్యమో యంత్రానికి ఏం తెలుస్తుందంటాడు. ఒకప్పుడు ఆ మాట నిజమే. ఆయనకు తెలిసేది. పదేళ్ళుగా షుగర్. మార్చిలో కళ్ళజోడు మార్చుకుందామని పోతే, అద్దాలతో అయ్యేది కాదు, నెల్లూరులో రెటీనా డాక్టరుకు చూపించుకోమని కాగితం రాసిచ్చారట. ఆ కాగితం బైబిల్లో పెట్టి ఊరుకున్నాడు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. కానీ టీ గ్లాసు అందుకోబోయి గాలిలో చెయ్యి పెట్టడం, బడ్డీ దగ్గర నోటును కంటికి దగ్గరగా తెచ్చుకోవడం నేను చూస్తూనే ఉన్నాను.

కొత్త ఫొటోలు పెట్టిన పది రోజులకే ముత్యాలమ్మకు నెల్లూరు నుంచీ మద్రాసు నుంచీ అడగడం మొదలుపెట్టారు. ఆమె పచ్చడి సీసా పట్టుకుని వచ్చి మా అమ్మ చేతిలో పెట్టింది. వినీల పెళ్ళి కుదిరిందనీ, మగవాళ్ళందరూ ఒడ్డునే ఉంటారు కాబట్టి మేలోనే ముహూర్తం పెట్టుకున్నామనీ చెప్పింది. వీడియో వద్దు, ఫొటోలు మాత్రం నాన్న చేత్తో తీయాలంది. తన పెళ్ళిలో ఒక్క ఫొటో కూడా లేదనీ, పిల్లకు అట్లా కాకూడదనీ అంది.

అదే రోజు, అదే పూటకు కొడవలూరులో ఒక రైస్ మిల్లు వాళ్ళింట పెళ్ళి. సంక్రాంతి ముందు నుంచీ ఆ పని కోసం నేను తిరుగుతున్నాను. డ్రోను, రెండు కెమెరాలు, అంతా నా పేరు మీద వచ్చిన మొదటి పెద్ద పెళ్ళి అది.

ఒక్కడివే పోగలవా అని నాన్నను అడిగాను. "ముప్పై ఏళ్ళు ఒక్కణ్ణే గదా పోయింది" అన్నాడు.

అప్పుడు నేను అడగాల్సిన మాట ఇంకొకటుంది. అడగలేదు. పెళ్ళినాడు పొద్దున కెమెరా బ్యాగు సర్దుతూ, ఆయన చూడకుండా లెన్స్ మీది మీటను ఆటోకి తిప్పాను. నాన్న గడప దిగేముందు కెమెరా బయటికి తీసి, లెన్స్ మీద వేలు ఆనించి, తడిమి, మీటను మళ్ళీ వెనక్కి తిప్పేశాడు. నా వైపు చూడలేదు. నీలం చొక్కా వేసుకుని, ఆటో ఎక్కి పోయాడు.

ఐదో రోజు పెంచలకృష్ణ ఫోన్ చేశాడు. నెల్లూరులో మా ఆల్బమ్‌లు వేసేది అతనే. "షారనక్కా, జువ్వలదిన్నె మెమరీ కార్డు తెరిచినాను. నువ్వొకసారి రా" అన్నాడు. ఏమైందంటే చెప్పలేదు.

పదకొండు వందల నలభై ఫొటోలు. మొదటి పది బాగున్నాయి. దూరం నుంచి తీసిన పందిరి, మామిడాకులు, వీధి చివరిదాకా వేసిన కుర్చీలు. మనుషులు దగ్గరికి వచ్చేకొద్దీ చెదిరిపోయారు. పెళ్ళికూతురి బాసికం, తలంబ్రాలు, అరుంధతి చూపించడం, అన్నీ నీళ్ళలోంచి చూసినట్టున్నాయి. పెళ్ళికొడుకు వెనకున్న సీరియల్ బల్బులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. భోజనాల బంతి, సాంబారు బక్కెట్లు, మగపెళ్ళివారి గ్రూపు ఫొటో, ఇట్లాంటివి నలభై దాకా పనికొస్తాయి. వాటిలో ఎక్కడా చిన్నపోలయ్య లేడు. పెంచలకృష్ణ తనకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాడు. ఉన్న మసకకే అంచులు మొలిచాయి తప్ప ముఖం రాలేదు.

"ఇవి సారే తీసినాడా?" అన్నాడు చివరికి. మెల్లగా అన్నాడు. అతనికి కెమెరా పట్టుకోవడం నేర్పింది నాన్నే.

ఇంటికి వచ్చి నాన్నకు చెప్పలేదు. ఆల్బమ్ ఎంతవరకు వచ్చిందని ఆయన అడిగితే పెళ్ళిళ్ళ రద్దీ అన్నాను. ముత్యాలమ్మకూ అదే చెప్పాను. నాలో నేను ఒక ఉపాయం ఆలోచించుకున్నాను. ఇంటిల్లిపాదీ పెళ్ళి బట్టలు కట్టుకుని ఒక సాయంత్రం ఒడ్డుకు వస్తే, అమ్మాయి చేతిని తండ్రి పట్టుకున్నట్టు, తల్లి దీవించినట్టు అన్నీ మళ్ళీ తీయొచ్చు. మా స్టూడియో తరఫున ఊరికే తీసిపెడతామని చెప్పొచ్చు.

జూన్ మొదట్లో వెళ్ళి అడిగాను. చిన్నపోలయ్య బోటు పక్కకు నీలం రంగు పూస్తున్నాడు. నిషేధం ఎత్తేయడానికి వారమే ఉంది.

"పెళ్ళయిపోయినాక మళ్ళా పెళ్ళి బట్టలేందమ్మా" అని నవ్వాడు. "వేటకు పోనీ. నాలుగు దినాలు పోయొచ్చి తీరిగ్గా తీయించుకుంటాం. నువ్వు ఎట్టా నిలబడమంటే అట్టా నిలబడతా."

ఫొటోలు పోయాయని చెప్పి ఉంటే, ఆ మనిషి ఆ క్షణానే చేతులు కడుక్కుని చొక్కా వేసుకుని వచ్చేవాడు. నాకు నోరు రాలేదు. ఆ మాట చెప్తే నాన్న కళ్ళ సంగతి చెప్పాలి. కళ్ళ సంగతి చెప్తే, తెలిసీ ఎందుకు పంపానో చెప్పాలి. సరేనన్నాను. ఆయన మళ్ళీ కుంచె ముంచాడు. ఎండ పక్కనుంచి పడుతోంది, ముఖం తేటగా ఉంది. నా చేతిలో ఫోనుంది. ఒక్కటి తీసుకోవాలని కూడా నాకు తోచలేదు.

నిషేధం ఎత్తేశాక ఆయన రెండుసార్లు వేటకు పోయివచ్చాడు. మూడోసారి తిరిగివస్తుంటే, ఏరు సముద్రంలో కలిసే చోట అల లేచి బోటు తిరగబడింది. మిగతా ముగ్గురూ ఈది వచ్చారు. ఆయన తలకు బోటు అంచు తగిలిందన్నారు.

ఆ కబురు మాకు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ పనితో పాటే వచ్చింది. వాళ్ళ బంధువులు ఇద్దరు స్టూడియో మెట్లెక్కి, ఆధార్ కార్డు బల్ల మీద పెట్టి, దీన్ని పెద్దది చేయాలన్నారు. కార్డు మీద పేరు చదివి నేను కూర్చుండిపోయాను. వాళ్ళలో పెద్దాయన, కార్డు ఫొటో బాగలేదు గదా, పెళ్ళిలో తీసినవి మీ దగ్గరే ఉన్నాయంట, కొత్త చొక్కాలో ఉన్నది చూసి వేయమని ముత్యాలమ్మ చెప్పిందన్నాడు. కూతురి చెయ్యి అప్పగించేటప్పటిది అయితే ఇంకా మంచిదని కూడా చెప్పిందట.

నాన్న లోపల గదిలోంచి వచ్చి నిలబడ్డాడు. వాళ్ళను గంటాగి రమ్మని పంపేశాడు. వాళ్ళు పోయాక, "తెరువు" అన్నాడు.

అవి నెల్లూరులో ఉన్నాయన్నాను. "తెరువమ్మా" అన్నాడు మళ్ళీ.

కంప్యూటర్లో తెరిచాను. ఆయన స్టూలు లాక్కుని ముఖం తెరకు ఆనేంత దగ్గరగా పెట్టాడు. కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు.

"ఇందులో ఏం కనపడతా ఉంది?"

"కాళ్ళు కడిగేది నాన్నా."

"ముఖాలు?"

నేను తర్వాతి ఫొటో తెరిచాను. ఇంకోటి అన్నాడు. ఇంకోటి. ఏడెనిమిది అయ్యాక అడగడం మానేశాడు. స్టూలు వెనక్కి జరుపుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. బయట రోడ్డు మీద నెల్లూరు బస్సు ఆగి కదిలింది.

"కొడవలూరు పెళ్ళివి ఎట్టా వచ్చినాయి?" అన్నాడు.

"బాగా వచ్చాయి నాన్నా."

"మంచిది" అన్నాడు.

పెళ్ళికి వచ్చినవాళ్ళ ఫోన్లలో ఏమైనా ఉంటాయేమోనని తెలిసిన నంబర్లన్నిటికీ ఫోన్ చేసి అడిగాను. అరగంటలో అరవై దాకా పంపించారు. అప్పగింతలప్పటివి పన్నెండు. ఎవరు ఎటునుంచి తీసినా, చిన్నపోలయ్య ముఖం ఉండాల్సిన చోట నీలం చొక్కా అడ్డం వచ్చింది. అది మా నాన్న వీపు. అందరికంటే దగ్గరగా నిలబడి తీస్తున్నాడు మరి. మిగతావాటిలో ఆయన వెనకనుంచో, మందిలో సగమో తప్ప లేడు. చివరికి ఆధార్ ఫొటోనే వేశాం. వెనక రంగు మార్చాను, మెడ దగ్గర చొక్కా సరిచేశాను. బెదిరిపోయి చూస్తున్న ఆ కళ్ళను మాత్రం ఏమీ చేయలేకపోయాను.

మట్టి చేసివచ్చిన మర్నాడు, తనను జువ్వలదిన్నె తీసుకుపొమ్మన్నాడు నాన్న. కొన్నాళ్ళాగి పోదామని అమ్మ అంది. ఆయన వినలేదు. పందిట్లో ఆడవాళ్ళ మధ్య ముత్యాలమ్మ గోడకు ఆనుకుని ఉంది. నాన్న ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, తన కళ్ళ సంగతీ, ఫొటోల సంగతీ ఏదీ దాచకుండా చెప్పాడు. అది ఆయన తప్పు కాదనీ, నాకు తెలిసే పంపాననీ నేను అన్నాను.

ముత్యాలమ్మ తల గోడ వైపు తిప్పుకుంది. ఎవరో ముసలామె, ఇప్పుడెందుకు నాయనా ఇవన్నీ, పొండి అంది. లేచి వస్తుంటే వినీల గడప దాకా వచ్చింది.

"ఒక్కటి కూడా లేదా అక్కా?"

లేదని తల ఊపాను. ఆ పిల్ల అట్లానే నిలబడింది. స్కూటర్ మీద వెనక కూర్చున్న నాన్న బోగోలు వచ్చేదాకా నా భుజం పట్టుకునే ఉన్నాడు. ఎన్నడూ అట్లా పట్టుకోలేదు.

ఆ వారమే నెల్లూరులో చూపించాం. కుడికంటి లోపల రక్తం కారి గడ్డకట్టిందనీ, ఆ చూపు రాదనీ డాక్టరు చెప్పింది. ఎడమదానికి లేజర్ చేస్తే ఉన్నదాన్ని నిలబెట్టొచ్చంది. మూడు నెలల ముందు వచ్చి ఉంటే అని మొదలుపెట్టి, మా ముఖాలు చూసి ఆపేసింది. ఇంటికొచ్చాక నాన్న కెమెరా బ్యాగు అమ్మ చేతికిచ్చి, షారన్‌కు ఇవ్వమన్నాడు. నేను అదే గదిలో ఉన్నాను.

ముత్యాలమ్మ పచ్చడి పెట్టడం ఆపేసిందని విన్నాం. ఫోన్లో ఆ ఫొటోలు చూసి అడిగేవాళ్ళు మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నారట.

జూలైలో, పెద్దకర్మ అయిపోయాక, ఒకరోజు పదకొండు గంటలప్పుడు వినీల ఒక్కతే స్టూడియోకి వచ్చింది. అత్తగారి ఊరికి పోతూ దిగానంది. చిక్కిపోయింది. నేను లేచి నిలబడ్డాను. నాన్న మూల కుర్చీలో ఎడమకంటికి లేజర్ అయ్యాక ఇచ్చిన నల్లద్దాలతో కూర్చుని ఉన్నాడు. ఎవరని అడిగాడు. చెప్పాను. ఆయన కూడా లేవబోయాడు.

"కూర్చో పెదనాయనా" అంది వినీల. నా వైపు తిరిగి, "ఉన్నవి ఉన్నట్టు చూపించక్కా" అంది.

పదకొండు వందల నలభైనీ చూసింది. ఒక్కటి కూడా దాటవేయనివ్వలేదు. ముఖాలు లేకపోయినా ఆమె మనుషుల్ని గుర్తుపట్టింది. ఇది మేనత్త, ఇది చిన్నాయన. ఒకదాంట్లో పందిరి గుంజ పక్కన పొడుగాటి మసక ఆకారం ఒకటుంటే, "నాయన, ఒంటికాలి మీద బరువేసి నిలబడతాడు" అంది. అప్పగింతల దగ్గరికి వచ్చేసరికి మౌస్ నా చేతిలోంచి తీసుకుంది. తెల్ల చొక్కా, ఎర్ర చీర, మధ్యలో కలిసిపోయిన రెండు చేతులు. ఎవరి వేళ్ళెవరివో తెలియదు.

చాలాసేపటికి నాన్న వైపు తిరిగింది.

"నేను తల వంచుకుని ఏడస్తా ఉన్నా పెదనాయనా. నాయన ముఖం చూడలేదు. నువ్వే గదా దగ్గరుండేది. ఎట్లుండాడు?"

నాన్న ఏదైనా అల్లి చెప్తాడేమోనని నాకు భయం వేసింది.

"నాకు గూడా ముఖం కనపడలేదమ్మా" అన్నాడు. "మాట వినపడింది. నేను కెమెరా ఎత్తంగానే, కొంచెం ఆగన్నా అన్నాడు. కళ్ళు తుడుచుకుంటానన్నాడు. నా బిడ్డ ఈ బుక్కు తెరిచినప్పుడల్లా నేను ఏడస్తా కనపడకూడదన్నాడు. కండవా తీసి తుడుచుకున్నాడు. ఇంక తియ్యన్నా అన్నాడు. అప్పుడు తీసినా."

వినీల తెర వైపు తిరిగింది. చేత్తో నోరు మూసుకుంది. అమ్మ లోపలినుంచి వచ్చి ఆమె వెనక నిలబడి, భుజం మీద చెయ్యి వేసింది.

తేరుకున్నాక ఆ ఫొటో కావాలంది. గోడకు పెట్టుకునేంత పెద్దది చేసిస్తానన్నాను.

"పెద్దది చేయొద్దు" అన్నాడు నాన్న. "పెద్దదయ్యేకొద్దీ చెదురుతుంది. అరచేతిలో పట్టేంత వెయ్. చిన్నగా అయితే కొంచెం కుదురుకుంటుంది."

అరచేతిలో పట్టేంత వేశాను. ప్రింటరులోంచి వచ్చిన కాగితం అంచులు కత్తిరించి ఇచ్చాను. వినీల దాన్ని గుమ్మం దగ్గరికి తీసుకుపోయి, వెలుతురుకు పట్టుకుని, చెయ్యి కొంచెం దూరంగా చాపి చూసింది.

"కనపడతా ఉండాడు" అంది.

నాన్న తల ఆ మాట వచ్చిన వైపు తిప్పాడు. "కనపడతా ఉండాడా?" అన్నాడు.

"ఆఁ, పెదనాయనా" అంది వినీల.